ఎనిమిది గంటల హాజరు

పోయిన వారం శైలజను వేములవాడలో, బస్సుల్లేక చిక్కుబడిపోయిన భక్తుల నడుమ, ఒక లాడ్జీ వరండాలో పడుకోబెట్టి వదిలేశాం. రాత్రంతా ఎవరిదో కాలు ఆమె వీపుకు తగులుతూనే ఉంది. ఆ కాలు ఎవరిదన్నది మనకు అవసరం లేదు గానీ, తెల్లారేసరికి ఆమె సంచీలో రెండే రెండు మాత్రలు మిగిలాయన్నది అవసరం. ఒకటి పొద్దుటికి, ఒకటి రాత్రికి.

సకల జనుల సమ్మె మొదలై అది పంతొమ్మిదో రోజు. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. జగిత్యాలలో నెలనెలా ఆమె మందులు తెచ్చుకునే గదికి రావాల్సిన బండి దారిలో ఎక్కడో ఆగిపోయింది. "నాలుగు దినాలు ఓపికవట్టు తల్లీ" అన్నాడు అక్కడ రోగులకు ధైర్యం చెప్పే కౌన్సిలరు ఆనందం సారు. ఓపికకు ఆమె దగ్గర కొదవ లేదు. కొదవంతా మాత్రలకే. హెచ్ఐవీ మందు పూట తప్పితే ఒంట్లోని పురుగు ఆ మందుకు అలవాటుపడి, తర్వాత ఎన్ని మింగినా లెక్కచేయదని మొదటి రోజే చెప్పారు. మొగుడు పోయిన మూడో నెలలో విన్న మాట అది. ఆనాటి నుంచి నాలుగేళ్లు, పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, ఒక్క పూట తప్పలేదు శైలజ.

అందుకే ఈ సిరిసిల్ల ప్రయాణం. అక్కడ నర్సింగం ఉన్నాడు. ఆయనవీ అవే మాత్రలు. నాలుగు రోజులకు సరిపడా ఎనిమిది మాత్రలు చేబదులు తెచ్చుకుంటే గండం గడుస్తుంది. కోరుట్లలో తల్లి భూమవ్వతో మాత్రం "చెల్లెను బతుకమ్మకు తోలుకొస్త" అని చెప్పి బయల్దేరింది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. చెల్లెలు వనితను రెండేళ్ల కిందట సిరిసిల్లకే ఇచ్చారు. ఇప్పుడు ఐదో నెల. మందుల పని కాగానే అవతలి వాడకు పోయి ఆమెను వెంటబెట్టుకుపోవాలి. బావ కామెర్లతో పోయాడనీ, అక్క మింగేవి రక్తం తక్కువైతే ఇచ్చే గోలీలనీ వనితకు తెలుసు. అంటే, ఏమీ తెలియదు. చెల్లెలి సంబంధం చెడిపోకూడదని అక్క అప్పుడు చెప్పిన కథ, పెళ్లయిపోయినా అట్లాగే నిలబడి ఉంది.

వేములవాడ నుంచి సిరిసిల్లకు సామేలు బండి మీదనే. గొల్లపల్లి సామేలు పనే అది: మందులు మానేసినవాళ్లను ఊరూరా వెతికి, బతిమాలి, మళ్లీ దవాఖాన మెట్లెక్కించడం. నిన్న కోరుట్ల నుంచి వస్తుంటే కథలాపూర్ రాస్తారోకోలో ఇద్దరి చేతా "జై తెలంగాణ" అనిపించి గానీ దారి ఇవ్వలేదు. రుద్రంగి దగ్గర శైలజ అడగకముందే అరిచింది. చందుర్తి దగ్గర ఆమె అరుపుకు మెచ్చి, రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నవాళ్లు పులిహోర పొట్లం చేతిలో పెట్టి, "గిసొంటి ఆడోళ్లుండాలె ఉద్యమానికి" అన్నారు. ఆమె తొందర దేనికోసమో వాళ్లకేం తెలుసు.

సిరిసిల్ల పొలిమేరలోకి రాగానే శైలజకు ఏదో వెలితి తోచింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. చప్పుడు లేదు. ఆ ఊళ్లో సాంచలంటారే, ఆ మరమగ్గాలు రాత్రీ పగలూ టకటకమంటూ పక్కవాడి మాట పక్కవాడికి వినిపించనివ్వవు. బొగ్గు బావుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియక షెడ్లన్నీ మూతబడ్డాయి.

"ఊరు సచ్చినట్టున్నదక్కా."

"ఆగింది తమ్మీ. సచ్చుడు వేరే."

సామేలు వాడ మొదట్లోనే బండి ఆపాడు. "నేను లోపటికి రానక్కా. నా మొఖం సూస్తెనే వాడకంత తెలిసిపోతది, ఫలానా ఇంట్ల ఫలానా రోగమున్నదని. నువ్వు వో. నేను పెట్రోలు లైన్ల నిలవడ్త." పెట్రోలు లైను ఎంత పొడుగుందో చూసి ఒక నిట్టూర్పు విడిచి, "పొద్దుగూకకముందు దొరికితె మీ అదృష్టం" అని వెళ్లిపోయాడు.

నర్సింగానికీ శైలజకూ చుట్టరికం లేదు. ఉన్నదల్లా ఒక బెంచీ. నాలుగేళ్ల కిందట కరీంనగర్ దవాఖానలో ఒకే రోజు, ఒకే బెంచీ మీద ఇద్దరికీ మొదటి డబ్బా చేతికిచ్చారు. మాత్ర మింగుతున్నారో లేదో చూసుకునేందుకు ఇంటి నుంచి ఒక తోడు మనిషిని తెచ్చుకోమన్నారు. ఇద్దరికీ అట్లా చెప్పుకోదగ్గ తోడు లేదు. "నీకు నేను, నాకు నువ్వు. సరేనా చెల్లే?" అన్నాడు నర్సింగం. ఎనిమిదికి ఆయన మాత్ర మింగి ఒక మిస్డ్ కాల్ కొడతాడు. ఆమె మింగి తిరిగి కొడుతుంది. ఎత్తడం లేదు, మాట్లాడటం లేదు. పైసా ఖర్చు లేని కాపలా.

మొదటి ఏడు ఆయన కాల్ ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే వచ్చేది. అది భయం. భయానికి గడియారం కంటే తొందరెక్కువ. రెండో ఏట ఒళ్లు చేసి, మళ్లీ సాంచల మీదికి పోయాక, ఎనిమిదీ పది అయింది, ఎనిమిదీ ఇరవై అయింది. మూడో ఏట కొన్ని రాత్రులు తొమ్మిదిన్నర దాటేది. ఒకసారైతే మర్నాడు పొద్దున వచ్చింది. ఆ రోజు శైలజ తన డబ్బులతో ఫోన్ చేసి, బ్యాలెన్సు అయిపోయేదాకా తిట్టింది. మరి ఆ తిట్ల మహిమో ఏమో, ఈ ఉగాది దాటాక కాల్ గడియారం ముల్లును పట్టుకొని వచ్చినట్టు సరిగ్గా ఎనిమిదికి రావడం మొదలైంది. ఒక్క నిమిషం అటు లేదు, ఇటు లేదు. నిన్న రాత్రి వేములవాడలో కూడా అంతే.

బీడీల కార్ఖానాలో ఒక్క బీడీ కూడా తీసిపారేయడానికి వీల్లేని చాట వచ్చిందంటే, గుమాస్తా ముందుగా దాన్నే విప్పి చూస్తాడు. పన్నెండేళ్లు బీడీలు చుట్టిన శైలజకు ఆ సంగతి తెలియంది కాదు. అయినా ఆ కాల్‌ను ఆమె విప్పి చూడలేదు. మురిసింది.

తలుపు తీసింది నర్సింగం తల్లి అంజవ్వ. చెవులకు గెంటీలు, నోట్లో వక్క, నడుం వంగినా కళ్లు వంగని ముసలమ్మ.

"ఎవరు బిడ్డా?"

"కోరుట్ల నుంచి అవ్వా. శైలజను. నర్సింగమన్న లేడా?"

"రోడ్డు మీద వంట వెడుతరట గదా, కట్టెలు మోయవోయిండు. సాంచలు బందైన కాణ్నుంచి ఇంట్ల కాలు నిలువది. కూసో. బస్సుల్లేవంటిరి, ఎట్లచ్చినవే?"

"బండి మీద."

"మా వాని దోస్తువా?" అని అడిగి, అడిగినదానికి జవాబు అక్కర్లేనట్టు చిన్న నవ్వొకటి నవ్వి, చాప వేసింది.

ఒకటే గది. మూలన బట్టల మూట, దాని పక్కన నూలు కండెల బుట్ట. గోడకు గడియారం. శైలజ కళ్లు దాని మీద ఆగాయి. అద్దం మీద బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి. ఎనిమిది అంకె మీద ఒక ఎర్ర బిళ్ల, పైన పన్నెండు మీద ఇంకొక ఎర్ర బిళ్ల. కింద ఆరు మీద ఒక పచ్చ బిళ్ల. అంకెలు చదవడం రాని ముసలమ్మకు ఎవరో పూజ వేళకు గుర్తులు పెట్టి ఇచ్చారనుకుంది. గడియారానికి కూడా పెళ్లి చేసినట్టుందనుకుని నవ్వొచ్చింది.

ఎనిమిదికి ఇంకా రెండు నిమిషాలు. శైలజ కొంగు చాటున మాత్ర తీసి అరచేతిలో పెట్టుకుంది. ఫోను చాప మీద పెట్టింది. పాతది మానేసి, చెల్లెలి పెళ్లప్పుడు కోరుట్ల బస్టాండు ఎదురుగా కొన్న సిమ్ము అది. రెండు ఒకేసారి కొన్నది. తనది చివర అరవై ఒకటి, వనితది అరవై రెండు. "మన నంబర్లు గూడ అక్కచెల్లెండ్లే" అని వనిత ఆ రోజంతా అందరికీ చూపించుకు తిరిగింది.

"గోలి మింగుతవా? మా వాడు గూడ మింగుతడు" అంది అంజవ్వ, చెంబుతో నీళ్లు అందిస్తూ. "నీది గూడ టీబీయేనా?"

శైలజ తలూపింది. నర్సింగం తల్లికి ఆ పేరు చెప్పాడన్నమాట.

పెద్ద ముల్లు పైనున్న ఎర్ర బొట్టు మీదికి వచ్చింది. అంజవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. గడియారం కింద గూట్లోంచి ఒక ఫోను తీసింది. బొటనవేలితో ఒక మీట రెండుసార్లు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

చాప మీద శైలజ ఫోను మోగింది.

తెర మీద "నర్సింగమన్న" అని పడింది. ఆ ఫోను మూడుసార్లు మోగింది. అంజవ్వ కళ్లు తెరిచి ఇంకో మీట నొక్కింది. శైలజ ఫోను ఆగిపోయింది.

"అయిపాయె" అంది అంజవ్వ. ఫోన్ను కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. అంతలో ఆమె చూపు చాప మీద పడింది. "నీది గూడ గిప్పుడే మోగుడాయె?"

శైలజ మోగి ఆగిన తన ఫోను వైపు చూపించింది. "అవ్వా, గిది రోజూ నువ్వే కొడ్తున్నవా?"

"నేను గాకుంటె ఎవరు గొడ్తరు? ఉగాది పోయినంక నేర్పిండు. సిన్న ముల్లు గీ ఎర్ర బొట్టు మీద, పెద్ద ముల్లు గా ఎర్ర బొట్టు మీద ఉన్నప్పుడు పచ్చ మీట రెండు మార్లు ఒత్తాలె. మూడు మోతలినవడంగనే ఎర్ర మీట ఒత్తాలె. పొద్దుగాల్ల ఒకపారి, రాత్రి ఒకపారి. గది నా హాజరు అవ్వా అన్నడు. దవాఖానోళ్లకు హాజరు పోకుంటె గోలీలు బందువెడ్తరట." ముసలమ్మ గొంతులో కొంచెం గర్వం తొంగిచూసింది. "జరమొచ్చినా తప్పలె. మా మరిది పీనుగు లేసిన దినం గూడ తప్పలె. వాకిట్ల అందరేడుస్తాంటె లోపటికచ్చి ఒత్తి, మల్ల పోయి ఏడిసిన."

ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ ఒక్క నిమిషం తేడా లేకుండా మందు హాజరు వేసింది ఒక్కరే. ఆ ఒక్కరూ అంజవ్వ.

శైలజ అరచేతిలోని మాత్ర చెమటకు తడిసింది. నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. తిరిగి మిస్డ్ కాల్ కొట్టడానికి అలవాటు కొద్దీ వేలు కదిలింది గానీ, ఎవరికి కొట్టాలో తెలియక ఆగిపోయింది.

గడపలో నీడ పడింది. భుజానికి కట్టెల దుమ్ము, మెడలో తువ్వాల, ఒళ్లు నిండుగానే ఉంది నర్సింగానికి. చాప మీద శైలజనూ, గూట్లో ఫోన్నూ, గడియారాన్నీ వరసగా చూశాడు. దొరికిపోయినవాడి ముఖం అట్లాగే ఉంటుంది.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "మల్లక్క ఇంటికి వోయి ఇంత చాయపత్త పట్టుకరా పో."

"ఇంట్ల ఉన్నది గదరా."

"పో అవ్వా."

అంజవ్వ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఇద్దరి వంకా ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"ఎన్నడు ఆపినవ్?" అంది శైలజ.

"చెల్లే, ఛాయ్ తాగు ముందుగాల."

"ఎన్నడు ఆపినవన్నా?"

"ఉగాదికి." నర్సింగం గోడకు చేరగిలబడ్డాడు. "పండుగ పూట మింగలె. తెల్లారి మింగుదామనుకున్న. తెల్లారి గూడ మింగలె. మూడొద్దులకు కాళ్లల్ల మంట సల్లవడ్డది. నీకు తెల్వది, అరికాళ్లల్ల సూదులు గుచ్చినట్టుండేది. సాంచల నడుమ పన్నెండు గంటలు నిలవడాలె. ఎనిమిది సాంచలు నడిపేటోన్ని నాలుగుకు దిగిన. సాంచల ఆసామి మొఖం తిప్పుకునుడు సురువైంది. ఆపిన నెలకు మల్ల ఎనిమిదెక్కిన."

"కాళ్లు మండుతున్నయని డాక్టరు సారుకు చెప్పినవా? చెప్తె గోలి మారుస్తరు. ఆనందం సారు ఎన్నిమార్లు చెప్పలె?"

"చెప్పుటానికి పోవాలంటె ఒక దినం పని బంద్. మార్చినంక గదెట్లున్నదో సూసెటానికి మల్లొక దినం. మల్ల రక్తం పరీక్షకొక దినం. నెలకు మూడు దినాలు ఏం రోగమొచ్చిందిరా నీకు అని అడుగడా ఆసామి?" గొంతు పెంచి, మళ్లీ తలుపు వైపు చూసి తగ్గించాడు. "నాలుగేండ్లు మింగిన చెల్లే. మింగి ఏం సాధించిన? బతికున్న. గంతే."

"గంతకంటె ఏం గావాలన్నా నీకు? పెండ్లికొడుకును జేస్తరనుకున్నవా?"

నర్సింగానికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలా సేపు పట్టింది. తల్లికి చెప్పిన టీబీ పేరు అబద్ధంగానే మిగులుతుందన్న నమ్మకం ఆ దగ్గు విన్నాక శైలజకు పోయింది.

"మరి డబ్బాలు? నెలనెల తెచ్చుకుంటనే ఉన్నవ్ గదా."

"తెచ్చుకోకుంటె సామేలసొంటోడు ఇంటి మీదికొస్తడు. వాడ వాడంత తెలుస్తది. పోయేటప్పుడు డబ్బాల ఎన్ని మిగలాల్నో అన్నే ఉంచుకొని పోత. వాళ్లు లెక్కవెట్టి శెబాసంటరు." తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "మొదటి మూడు నెలలయి మానేరుల గలిపిన."

శైలజ కళ్ల ముందు మానేరు నీళ్లలో తెల్లగా కొట్టుకుపోతున్న మాత్రలు కనిపించాయి. మూడు డబ్బాలు. ఇక్కడ తను ఒక్క మాత్ర కోసం పులిహోర పొట్లం పట్టుకుని ఊళ్లు దాటి వచ్చింది.

"నువ్వు ఆపినవ్, సరే. నాకెందుకు అబద్ధం జెప్పినవ్? ముసలిదాంతోటి రోజుకు రెండుమార్లు!"

నర్సింగం నేల వైపు చూశాడు. తువ్వాల కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.

"నా కాల్ ఆగితె నువ్వు గూడ ఆపుతవని."

శైలజ నీళ్ల చెంబును పక్కకు జరిపింది.

"నువ్వే చెప్పినవ్ గదా ఒకపారి, నీ కాల్ సూసినంకనే నీళ్ల చెంబు వట్టుకుంటనని. నాది ఆగిన నాడు నీది గూడ ఆగుతదని భయమైంది. నా పానమంటె నా ఇష్టం. నీ పాపం నాకెందుకు? అందుకే అవ్వకు నేర్పిన."

తిట్టడానికి పేర్చుకున్న మాటలన్నీ శైలజ నోట్లోనే నానిపోయాయి. ఆర్నెల్లుగా ఎనిమిది కొట్టగానే ఎక్కడో సిరిసిల్లలో ఇంకొక మనిషి ఇదే మాత్ర, ఇదే చేదు మింగుతున్నాడన్న ధైర్యంతో తను నీళ్లు తాగింది. అక్కడ ఎవరూ లేరు. ఒంటరిగానే మింగింది. అయినా మింగింది. కోపం తెచ్చుకోవాలో, దండం పెట్టాలో తేలక, ముఖం తుడుచుకుని అసలు పనికి వచ్చింది.

"నాయి అయిపోయినయ్. రాత్రికి ఒక్కటున్నది. జగిత్యాలకు బండి నాలుగు దినాలకు గాని రాదట. నీకాడ ఏమున్నయో ఇయ్యి."

నర్సింగం మూలనున్న కండెల బుట్ట వంక చూశాడు.

"ఏంది? అయిగూడ మానేరుల గలిపినవా?"

ఆయన లేచి, కండెల బుట్టలో చేయి పెట్టి అడుగు నుంచి ఒక డబ్బా తీశాడు. చేతికి ఇవ్వలేదు. మూత తీసి తువ్వాల మీద వంపాడు. శైలజ చూపుతోనే లెక్కపెట్టింది. తొమ్మిది.

"గివే ఉన్నయి. నేను గూడ కొత్త డబ్బా తెచ్చుకోను పోలేదు గదా, బస్సుల్లేక. గివి నాయి గావు చెల్లే. ఇచ్చేటివి."

"ఎవరికి?"

"ఉన్నదొక ఆడివిల్ల." ఆయన గొంతు దిగింది. "శ్రావణంల దవాఖాన కాడ రక్తం గది బయట గోడకు మొఖం వెట్టి నిలవడ్డది. చేతిల చీటి. ఆ చీటి ఏందో నాకు దూరం నుంచే తెలుస్తది, మనం గూడ వట్టుకున్నదే గదా. పేరు రాయించుకో తల్లీ, గోలీలిస్తరన్న. రాయించుకుంటె మొగన్ని గూడ తోలుకరమ్మంటరు, ఆయన ఇంట్లకెల్లి ఎల్లగొడ్తడన్నది. పుట్టింటికి చెప్పమన్న. పుట్టింటోళ్లకు చెప్తె సస్తనన్నది. నాయి ఉత్తగనే నీళ్లల్ల వోతున్నయ్ గదా అనిపించింది. అప్పటిసంది నాలుగేసి దినాలకు పొట్లం కట్టి ఇస్తున్న. ఇంట్ల డబ్బా వెట్టుకోరాదు గదా, మొగడు సూస్తడు. ఇయ్యాల్టితోటి దాని పొట్లమైపోతది. పొద్దుమీకి, చీకటివడేయాల్లకు అస్తది."

"డాక్టరు సూడకుంట? రక్తం సూడకుంట? నువ్వు డాక్టరువా?"

"కాదు. మరి ఎవరున్నరు దానికి?"

"ఆమెకు నువ్వున్నవ్. నాకు?" శైలజ లేచి నిలబడింది. నాలుగేళ్లలో ఒక్క పూట తప్పలేదు. ఆ ఒక్క మాటే ఆమెకున్న ఆస్తి. "నాలుగు దినాలకు ఎనిమిది గావాలె. నీకాడ తొమ్మిదున్నయ్. ఒక్కటి ఆమెకుంచు."

"సగం సగం జేస్త."

"సగం సగం జేస్తె ఇద్దరియి తప్పుతయి. గంత గూడ తెల్వదా నాలుగేండ్లు మింగినోనికి?"

"నీకు నాలుగు దినాలకు బండి అస్తది చెల్లే. దానికి ఏ బండి రాదు."

"ఎవరో ముక్కుమొఖం తెల్వని దాని కోసం నేను సావాల్నా అన్నా?"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని శైలజకు తెలుసు. వెనక్కి తీసుకోలేదు. వంగి, బీడీ కట్టను ఎత్తినట్టు ఒక్క ఊపులో తొమ్మిది మాత్రలూ దోసిట్లోకి ఎత్తి, డబ్బాలో పోసి, మూత బిగించి, సంచీలో వేసుకుంది. ఆ ఒక్కటి కూడా వదల్లేదు. నర్సింగం అడ్డుపడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, సంచీ వంక చూస్తూ కూర్చున్నాడు.

తలుపు తోసుకుని అంజవ్వ లోపలికి వచ్చింది. ఆమె చేతిలో చాయపత్తా లేదు, వెతికిన వాలకమూ లేదు. తలుపు బయటే నిలబడి ఉన్నట్టుంది.

"టీబీ గోలీలు ఆర్నెల్లే మింగుతరని నాకు ఎరుక లేదారా?" అంది కొడుకుతో, తాపీగా. "నాలుగేండ్లసంది నా కండ్లు మూసుకపోయినయా? ఏదో ఒక పేరు జెప్పినవ్, నేను గూడ అదే పేరు వట్టుకున్న." తర్వాత శైలజ వైపు తిరిగింది. "బిడ్డా, నేను నిన్నేం అన. నీ పానం నీది. కాని ఆ పిల్ల ఉత్త మనిషి గాదు. ఐదో నెలనట."

ఐదో నెల. ఆ మాట ఎక్కడో తగిలి, ఎక్కడ తగిలిందో తెలిసేలోపే అంజవ్వ గడియారం వైపు తల ఎత్తింది. పెద్ద ముల్లు కిందికి దిగి, పచ్చ బొట్టు మీదికి వచ్చింది.

"ఆగుండ్రి. గిప్పుడు రెండో హాజరు."

"అవ్వా, ఊకో" అన్నాడు నర్సింగం.

"ఏంది ఊకునుడు? పచ్చ బొట్టు మీదికి ముల్లచ్చినంక మోగకుంటె నీకు చెప్పుమంటివి గదా. మోగితె ఆ పిల్ల మింగినట్టు."

గూట్లో ఫోను మోగింది. ఒకసారి. రెండోసారి సగంలో ఆగిపోయింది.

"అగో, మింగింది" అంది అంజవ్వ, తృప్తిగా.

గూడు శైలజ చేతికందే దూరంలోనే ఉంది. తెర ఇంకా వెలుగుతోంది. పేరేమీ లేదు, ఉత్త నంబరు. చదవాలనుకోలేదు. కళ్లే చదివాయి. మొదటి నుంచి ఎనిమిది అంకెలు తన నంబరులాగే ఉన్నాయి. తన ఫోను ఇక్కడ చాప మీదే ఉంది కదా అనుకుంది. అప్పుడు చివరి రెండంకెలు చూసింది.

అరవై రెండు.

చేయి దానంతటదే ఫోన్ను అందుకుంది. అంజవ్వ వేలు రోజుకు రెండు పూటలా చేసే పనినే ఆమె వేలు చేసింది. తెర మీద ఆ నంబరు ఉండగానే పచ్చ మీట నొక్కింది.

"కొట్టకు, మాట్లాడకు చెల్లే, మొగడు ఇంట్ల ఉంటడు..." అంటూ నర్సింగం లేచాడు.

అవతల ఒక్క మోతకే ఎత్తారు. గొంతు గుసగుసగా ఉంది, పక్క గదిలో ఎవరో ఉన్నప్పుడు మాట్లాడే గొంతు. ఆ గొంతున్న పిల్లకు అన్నం తినిపించింది, జడ వేసింది, అప్పగింతల నాడు వీపు నిమిరింది శైలజే.

"అవ్వా, మింగిన. కొట్టిన గదా. మల్ల ఎందుకు జేసినవే? ఆయన ఇంట్లనే ఉన్నడు." ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "పొట్లమైపోయింది. పొద్దుమీకి రానస్తదో రాదో. మా అక్క నన్ను పండుగకు తోలుకపోతానికి ఇయ్యాల్నే అస్తున్నది. అన్నకు జెప్పి ఎట్లనన్న గోలీలు పంపియ్యి అవ్వా, నీ కాళ్లు మొక్కుత. కాని ఒక్కటి. మా అక్కకు మాత్రం తెల్వనియ్యకుండ్రి. మా అక్కకు తెలిస్తె నేను బతుకను."

శైలజ ఫోను చెవికి ఆనించుకునే ఉంది. రెండో చేయి సంచీ మీద ఉంది. బట్టలోంచి డబ్బా గట్టిగా తగులుతోంది.

"అవ్వా? ఇంటున్నవా? మాట్లాడవేందే?"